ఎవరూ తిప్పి చూడని నిమ్మకాయ

మీ ఊరి మూడు బాటలు కలిసేచోట కుంకుమ చల్లిన నిమ్మకాయ కనపడితే మీరేం చేశారు? నిజం చెప్పండి. నాకు చెప్పనక్కర లేదు, మీకు మీరే చెప్పుకోండి. బండి పక్కకు తిప్పారా? పిల్ల చేయి గట్టిగా పట్టుకుని "అటు చూడకు" అన్నారా? చదువుకున్నవాళ్లు ఇక్కడ ఒక చిన్న నవ్వు నవ్వుతారు. "నమ్మకం లేదు గానీ, ఎందుకొచ్చిన గొడవ" అంటారు. ఆ ఎందుకొచ్చిన గొడవే ఒక ఎండాకాలం ఉదయం మా మేనత్త నోటి దాకా వచ్చింది. దాన్ని ఆపడానికి నా చదువు సరిపోలేదు. టీవీలో నవ్వుతూ చూసిన ఒక కార్యక్రమం పనికొచ్చింది.

ఆ కార్యక్రమం ఇప్పుడు రావడం లేదు. వార్తలను వెక్కిరిస్తూ చెప్పే అరగంట అది. దేవరుప్పుల దగ్గర మా ఇంట్లో పొద్దుగూకి దీపం పెట్టగానే అందరం టీవీ ముందు చేరేవాళ్లం. భుజాన తువ్వాల వేసుకున్న ఒకాయన చెక్క బల్ల మీద కూర్చుని వార్త చదివేవాడు. మేము ఇంట్లో ఎట్లా మాట్లాడుకుంటామో అట్లాగే చదివేవాడు. అంతవరకు మా మాట తెర మీద వినపడిందంటే అక్కడ ఒక దొంగో, తాగుబోతో, తన్నులు తినే పనిమనిషో ఉన్నట్టు లెక్క. మొదటిసారి ఆ మాట తన్నులు తినడం మానేసి పెద్దవాళ్లను నిలదీసింది. ఎన్నడూ పళ్లు కనపడేలా నవ్వని మా బాపు మోకాలు కొట్టుకుని నవ్వేవాడు. "గిదీ వార్తంటే" అనేవాడు.

తువ్వాల ఆయన పక్కన ఒక అక్క చాట పట్టుకుని కూర్చునేది. ఏ నాయకుడో సభలో ఇచ్చిన మాటను ఆయన చదవగానే "ఆ మాట ఇటియ్యన్నా, చెరిగి చూద్దాం" అని గుప్పెడు వడ్లు చాటలో పోసి చెరిగేది. పొట్టు లేచి ఆయన మొహాన పడేది. అడుగున మిగిలింది కెమెరాకు చూపించేది. చాలాసార్లు ఏమీ మిగిలేది కాదు. పుకారు వార్త అయితే చెరగడం ఆపి ఒక్కటే అడిగేది: "చూసినోడెవడు?"

ఆ ప్రశ్న మా ఇంట్లో ఒక మనిషిలా తిరిగింది. ఎదురింటి పిల్ల ఎవరితోనో బండి మీద పోయిందట అని అమ్మ మొదలుపెట్టగానే బాపు వార్తాపత్రిక దించకుండానే "చూసినోడెవడు?" అనేవాడు. అమ్మ గరిటె చూపించేది. "నీకు నేను చెప్పుడే తప్పు. పో, గా చాటదాన్నే పెట్టమను బువ్వ" అనేది.

జనగామలో డిగ్రీ చదివే రోజుల్లో మేము కొంతమందిమి ఆదివారాలు ఒక గదిలో చేరి వాదించుకునేవాళ్లం. దేవుడు, దయ్యం, కులం, కర్మ, ఏదీ వదలలేదు. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోకూడదని గొంతులు బొంగురుపోయేలా అరిచేవాళ్లం. ఇంటికి వచ్చాక చూస్తే, మా గది మొత్తం కలిసి చెప్పలేని మాటను ఆ చాట అక్క మా అమ్మకు ఎప్పుడో చెప్పేసి ఉండేది. నాకు కొంచెం ఈర్ష్యగా ఉండేది కూడా.

ఆ కార్యక్రమానికి మా ఇంటికంటే పెద్ద అభిమాని మా బావ. మేనత్త కొడుకు. గార్లకు అవతల ఒక ఊళ్లో తల్లీ కొడుకులు ఇద్దరే ఉంటారు. మామయ్య ఎప్పుడో పోయాడు. బావకు ట్రాలీ ఆటో ఉంది. మిరపకాయల కాలంలో చేల దగ్గర బస్తాలు ఎక్కించుకుని ఖమ్మం మార్కెట్‌కు తోలుతాడు. పెళ్లిళ్లలో, ఇంటి ముందు పందిళ్లలో తువ్వాల భుజాన వేసుకుని ఊరి వార్తలు చదవడం అతనికి సరదా. కార్యక్రమం ఆగిపోయాక ఆ సరదా ఫోన్లోకి మారింది. చిన్న చిన్న వీడియోలు తీసి చుట్టాలందరికీ పంపేవాడు. భూపాలపల్లిలో నేను పాఠాలు చెప్పే కాలేజీ మెట్ల మీద కూర్చుని, మీదపడ్డ బొగ్గు దుమ్ము దులుపుకుంటూ వాటిని చూసి నవ్వుకునేదాన్ని.

ఆ ఎండాకాలం సెలవులు ఇవ్వగానే మేనత్తను చూద్దామని బయలుదేరాను. మహబూబాబాద్‌లో, అదే మా వాళ్లనే మానుకోటలో, బస్సు మారి గార్ల చేరి, అక్కడి నుంచి ఆటోలో ఊళ్లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. మేనత్త ఇంటి తలుపు మూసి ఉంది. నా గొంతు వినగానే వాకిట్లోకి ఉరికొచ్చే మనిషి, తలుపు జానెడు తీసి చూసింది.

"నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా గిప్పుడు?"

"అదేం మాట అత్తమ్మా?"

"లోపటికి రా ముందు. నిన్ను చూస్తే నిన్ను గూడ అంటరు."

"ఏమంటరు?"

"మంత్రాలు నేర్చుకోను వచ్చిందంటరు."

చెంబెడు నీళ్లిచ్చి, తలుపు గడియ వేసి, జరిగింది చెప్పింది. పక్కింటి ఆవిడ మనుమరాలికి జ్వరం వచ్చి కళ్లు తేలేస్తున్నది. పిల్లకు ఫిట్స్ వచ్చిన పొద్దునే ఊరి బయట మూడు బాటల దగ్గర ఒక ముంత, కుంకుమ, నిమ్మకాయలు కనపడ్డాయి. అవి పరిచింది ఆకుపచ్చ గళ్ల చీర ముక్క మీద. ఆ చీర మా మేనత్తది. వాడకట్టు మొత్తానికి తెలుసు, ఎన్నో ఏండ్లు కట్టింది. మొగుడు పోయిన మనిషి, మొహం మీద అనే నోరు, పైగా తన చీర. ఊరికి ఇంకేం కావాలి? మంత్రగాడొకడు వచ్చి దూరం నుంచే చూసి, అవి ముట్టుకున్నవాడి ఇంట్లోకి ఆ కీడు పోతుందని చెప్పి వెళ్లాడట. ఎవరూ ముట్టుకోలేదు. చుట్టూ తుమ్మకంప వేసి, బండ్లను చేలలోంచి తోలుతున్నారు. పిల్లను దవాఖానకు కూడా తీసుకుపోలేదు. పెట్టిన మనిషి తీస్తేనే కీడు దిగుతుందని ఆగారు. మర్నాడు పొద్దున పంచాయితీ.

"పక్కింటామె అట్ల అన్నదా? నీ పచ్చడి లేకుంటే ఆమెకు ముద్ద దిగదు గదా."

"గామెనే ముందు అన్నది" అంది మేనత్త.

ఆ ఊరి చివర ఒక ముసలాయన ఉండేవాడు. ఆయనకు ముందు పళ్లు లేవు. వయసుకు ఊడినవి కావు. పడుచుతనంలో ఆయన మీద కూడా ఇదే మాట పడింది. మంత్రం నోట పలకకూడదని ఊరే ఆయన పళ్లు రాలగొట్టింది. మేము చిన్నప్పుడు ఆయన మాట తీరును చూసి నవ్వేవాళ్లం. ఎందుకట్లా మాట్లాడతాడో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం నాకోసం సర్వపిండి రొట్టె చేసింది మేనత్త. తాను ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలింది.

"గట్టిగున్నదా అత్తమ్మా?"

"నా పండ్లు గట్టిగనే ఉన్నయ్ బిడ్డా. రేపటిదాంక."

చీకటి పడకముందే బావ ఖమ్మం నుంచి వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. ఆటో పక్కన నిలబడి తాడు చుడుతున్నాడు. చుట్టిన తాడునే విప్పి మళ్లీ చుడుతున్నాడు. నేను దగ్గరికి వెళ్లాను.

"మరదలా" అన్నాడు తలెత్తకుండా, "గవి నేనే పెట్టిన."

నాకు అర్థం కాలేదు.

"నిమ్మకాయల ధర పెరిగింది గదా. దిష్టి దీసేటోళ్లు పరేషాన్ అయితున్నరని ఒక వార్త చేద్దామనుకున్న. అవ్వ పాత చీర ముక్క ఆటో తుడుసుటానికి ఉండె, గదే పరిసిన. అంత వీడియో తీసిన. గప్పుడే మిర్చి లోడున్నది జల్ది రమ్మని ఫోనొచ్చింది. ఎట్లున్నయ్ అట్లనే ఇడిసిపెట్టి ఉరికిన."

"వీడియో ఏది? చూపియ్యి వాళ్లకు."

"తీసేసిన."

"ఎందుకు?"

"మార్కెట్ల ఉన్నప్పుడు తెలిసింది గీ లొల్లి. కాళ్లు చేతులు ఆడలె. ఫోన్ గుంజుకుని చూస్తే నన్నే మంత్రగాన్ని చేస్తరని తీసేసిన."

"సరే, నోటితోని చెప్పు. ఇప్పుడే పోదాం పా."

"తల్లిని కాపాడుకోను కొడుకు అబద్ధమాడుతుండంటరు." తాడు చేతిలోనే ఆగిపోయింది. "చూసినోడెవడు అంటరే."

ఎన్నోసార్లు మేమిద్దరం కలిసి నవ్విన మాట అది. ఆ సాయంత్రం నవ్వు రాలేదు.

తెల్లవారగానే పోలీసులకు ఫోన్ చేశాను. వస్తామన్నారు. వచ్చేలోపు పంచాయతీ ఆఫీసు ముందు రేకుల షెడ్డు నిండిపోయింది. మేనత్తను ఒక పక్కకు, నేల మీద కూర్చోబెట్టారు. పెద్దమనుషులు కుర్చీల్లో. వెనక వరుసలో మోటార్లు బాగుచేసే ఒకాయన నిలబడి ఉన్నాడు. అతని చేతిలో పట్టుకారు ఉంది. పనికి పోతూ వచ్చాడేమో అనుకుందామని చూశాను. అతను దాన్ని లుంగీ మడతలో దాచుకుంటున్నాడు. పనిముట్టును ఎవరూ దాచుకోరు.

నేను లేచి మాట్లాడాను. జనగామ గదిలో నేర్చిందంతా మాట్లాడాను. జ్వరం ఎందుకొస్తుంది, ఫిట్స్ ఎందుకొస్తాయి, దవాఖానలో ఏం చేస్తారు, చట్టం ఏమంటుంది. అందరూ మర్యాదగా విన్నారు. నేను ఆగాక పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"చదువుకున్న బిడ్డవు, మంచిగ మాట్లాడినవ్. మరి చీర ముక్క గాలికి ఎగిరి పోయిందా?"

పక్కింటి ఆవిడ గుండెలు బాదుకుంది. "నా మనుమరాలు కండ్లు తేలేస్తుంటే నీకు ఉపన్యాసాలా? తియ్యమను. గామెతోని తియ్యమను!"

"ఊరు ఇడిసి పొమ్మందాం" అన్నారొకరు.

"పోతే ఇంకో ఊరును పడ్తది" అంది వెనక నుంచి ఒక గొంతు. "నోరే కట్టాలె."

మేనత్త నా వైపు చూడలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. కొడుకు కోసం వెతికింది. బావ అక్కడ లేడు. నాకు కూడా అతను పారిపోయాడనే అనిపించింది. పట్టుకారు మనిషి రెండు అడుగులు ముందుకు వేశాడు.

అప్పుడు వచ్చాడు. భుజాన తువ్వాల, చేతిలో మేనత్త చాట.

"ఏందిర గిది?" పెద్దమనిషి కుర్చీలోంచి లేచాడు. "తల్లి మీద పంచాయితీ అయితుంటే ఆటలా?"

బావ షెడ్డు మధ్యకు వచ్చి, పందిళ్లలో నిలబడ్డట్టే నిలబడ్డాడు.

"రాం రాం అన్నలు, అక్కలు. ఇయ్యాల్టి ముచ్చట. నిమ్మకాయల ధర మస్తు పెరిగింది. దిష్టి దీసేటోళ్లు పరేషాన్. దయ్యాలు సుత గరమైనయ్. నిమ్మకాయ ఇయ్యకుంటే మేం ఎవ్వరి ఇంట్లకెల్లి పోమని మూడు బాటల కాడ ధర్నాకు కూసున్నయ్."

"కొడుకా, ఇజ్జత్ తియ్యకు. ఇంటికి పో" అంది మేనత్త.

"ధర్నాకు లీడర్ ఎవరంటే, మీసాల నిమ్మకాయ." అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. వార్త ఆపలేదు. "మిర్చి బస్తాల మీద గుర్తులు రాసే నల్ల మార్కర్‌తోని మీసం గీసిన. కండ్లద్దాలు గూడ పెట్టిన. ఆ లీడర్ ముంత ఎనుక బోర్ల పడి ఉన్నడు. గీ వార్త రాసింది నేను, సామాను పెట్టింది నేను, ఇడిసిపెట్టి పోయింది నేను. మా అవ్వకు ఏం ఎర్క లేదు."

"కథలు చెప్తుండు" అన్నాడు పట్టుకారు మనిషి.

"కథనే అనుకో." బావ ఖాళీ చాటను అతని ముందుకు చాపాడు. "చూసినోడెవడు? మీరే. పోయి తిప్పి చూడుండ్రి. మీసం లేకుంటే మా అవ్వను కాదు, నన్ను పట్టుండ్రి."

ఊరు మొత్తం మూడు బాటల దగ్గరికి నడిచింది. తుమ్మకంప చుట్టూ గుండ్రంగా నిలబడింది. మధ్యలో ఎండకు వాడిన నిమ్మకాయలు, ముంత, ఆకుపచ్చ గళ్ల చీర ముక్క.

"తిప్పుర నువ్వే" అన్నాడు పెద్దమనిషి. బావ కంప దాటబోయాడు.

"ఆగు. వాడు తిప్పితే గప్పుడే గీస్తడు" అన్నారెవరో. నేను తిప్పుతానన్నాను. "నువ్వు వాళ్ల మనిషివి" అన్నారు. అది న్యాయమే. తిప్పాల్సింది వాళ్లే. పెద్దమనిషి తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"నీ చేతుల పట్టుకారున్నది గదా, దాంతోని తిప్పరాదే" అంది ఒక ముసలామె.

పట్టుకారు మనిషి వెనక్కి జరిగాడు. నేను చూశాను. మనిషి పళ్లు పీకడానికి వచ్చిన చేయి, వాడిన నిమ్మకాయను ముట్టుకోలేకపోయింది. దాన్ని నేను చచ్చేదాకా మర్చిపోను.

అందరికంటే ముందు కదిలింది పక్కింటి ఆవిడ. కంపను కాలితో తొక్కుకుంటూ లోపలికి పోయింది. ముళ్లు గీరుకుంటున్నా చూసుకోలేదు. "నాకేమన్న కానియ్యి" అంటూ ముంతను పక్కకు తోసి, దాని వెనక ఉన్న నిమ్మకాయను చేత్తో తీసి తిప్పింది.

నల్లటి మీసం. ఒక కొస సాగి, కుంకుమలో కలిసిపోయింది. పైన గుండ్రటి కళ్లద్దాలు.

ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత పైకెత్తి అందరికీ చూపించింది. "గీ మీసాలోడా నా ఇంట్ల చొచ్చింది?" అంది. ఎక్కడో ఒక నవ్వు పుట్టి, సిగ్గుపడి ఆగిపోయింది. ఆమె ఆ నిమ్మకాయను బావ ఛాతీకేసి కొట్టింది. "దొంగ సచ్చినోడా! నా పానం తీసినవ్ కదరా!" అని ఏడ్చింది. తర్వాత మేనత్త వైపు తిరిగి "వదినా" అంది.

మేనత్త కొడుకుతో మాట్లాడింది. "ఆటో తియ్యి. పిల్లను మానుకోట దవాఖానకు తోలుకపో. ఏడ్చుడు ఆడికి పోయినంక ఏడ్వచ్చు."

మిరపకాయల ఘాటు ఇంకా పోని ఆ ట్రాలీలో దుప్పటి పరిచి పిల్లను పడుకోబెట్టారు. నానమ్మ పిల్ల తలను ఒళ్లో పెట్టుకుంది. ఆటో పోయిన కాసేపటికి పోలీసులు వచ్చి అందరి మాటలూ రాసుకున్నారు. పట్టుకారు మనిషి అప్పటికే ఎవరి మోటారో బాగుచేయడానికి పోయాడు.

పిల్ల కోలుకుంది. ఊరంతా చదువుకుని మారిపోయిందని మీకు చెప్పలేను. పిల్ల ఇంటికి వచ్చాక నానమ్మ అమ్మవారికి కొబ్బరికాయ కొట్టింది. దవాఖాన మందుది ఒక వంతు, అమ్మవారిది రెండు వంతులు అని పంచింది. మేనత్త కొడుకుతో చాలా రోజులు మాట్లాడలేదు, అన్నం మాత్రం పెట్టింది. పక్కింటికి పచ్చడి గిన్నె పోవడం అప్పుడే ఆగిపోయింది. ఇప్పటికీ మొదలు కాలేదు. నేను ఒకసారి అడిగితే, "నా పండ్లు నా నోట్లెనే ఉన్నయ్, గది చాలు" అంది.

ఇప్పుడు ఆ కార్యక్రమం ముక్కలు ఫోన్లో దొరుకుతాయి. భూపాలపల్లిలో అద్దె గదిలో అన్నం తింటూ చూస్తాను. చాట అక్క చెరుగుతుంది, పొట్టు ఎగురుతుంది, నవ్వొస్తుంది. ఆ నవ్వు మధ్యలో ఒక ప్రశ్న అడ్డం పడుతుంది. బావ ఆ నిమ్మకాయకు మీసం గీయకపోయి ఉంటే? ఆటపట్టించాలని గీసిన ఒక నల్ల గీత మా మేనత్తను నిర్దోషిని చేసింది. ఆ గీత లేకపోతే ఆమె ఏ తప్పూ చేయకుండానే తప్పు చేసినదయ్యేది. ఆ ముసలాయన మీద మాట పడిన రోజు ఎవరూ మీసం గీసి ఉండరు. ఎవరూ ఏదీ తిప్పి చూసి ఉండరు. మనిషి పళ్లు ఇంత చిన్న గీత మీద వేలాడటం నాకు ఒప్పుదల కాదు. మీకు ఒప్పుదలా?

ఆ ఊళ్లో దుర్మార్గులు తక్కువ. ఎందుకొచ్చిన గొడవ అని పక్క నుంచి బండి తిప్పుకున్నవాళ్లే ఎక్కువ. చేలలోంచి బండ్లు తోలిన ప్రతి ఒక్కరూ ఆ పట్టుకారుకు ఒక వేలు సాయం పట్టారు. అందులో చదువుకున్నవాళ్లు ఉన్నారు, జీతగాళ్లు ఉన్నారు, నాలాగా పుస్తకాలు చదివినవాళ్లు కూడా ఉన్నారు.

కాబట్టి ఈసారి పక్కకు పోకండి. మీ మూడు బాటల దగ్గర నిమ్మకాయ కనపడితే బండి ఆపండి. దిగండి. పది మంది చూస్తుండగా వంగి దాన్ని చేత్తో తిప్పండి, ఎత్తి పారేయండి. ఎవరైనా ఒక ఆడమనిషి పేరు ఎత్తితే అక్కడికక్కడే, గొంతెత్తి, చూసినోడెవడని అడగండి. జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలకండి.